సముద్రానికి కాపలా ఎవరు? జెట్టీ మీద పెరిగినవాడిగా నా జవాబు

మీరు ఒకే ప్రశ్నలో రెండు అడిగారు. నడి సముద్రాల ఒప్పందం అమల్లోకి వచ్చిందట కదా, దానివల్ల మన జాలర్లకు ఏమైనా ఒరుగుతుందా అన్నది మొదటిది. వేసవిలో రెండు నెలల వేట నిషేధం నిజంగా పనిచేస్తుందా, కాగితం మీదేనా అన్నది రెండోది. నేను శాస్త్రవేత్తను కాను. మా నాన్న విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సోనా బోటు అనే మర బోటు మీద ముప్ఫై ఏళ్లు కలాసీగా, అంటే బోటు పనివాడిగా చేశాడు. ఇంటర్ తప్పాక నేనూ మూడు సీజన్లు వేటకు వెళ్లాను. ఇప్పుడు జెట్టీ పక్కనే కూర్చుని బోట్ల లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు, డీజిల్ సబ్సిడీ కాగితాలు చూసిపెడుతుంటాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఒప్పందం సంగతి తేల్చేద్దాం. అది ఏ దేశానికీ చెందని నీళ్ల గురించి. ఒడ్డు నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 370 కిలోమీటర్లు దాటాక ఉండే సముద్రం. 2023లో ఐక్యరాజ్యసమితిలో ఆమోదించారు. 60 దేశాలు ధ్రువీకరించాక 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. మన దేశం 2024 సెప్టెంబరులో సంతకం పెట్టింది. అక్కడ రక్షిత ప్రాంతాలు గుర్తించడానికీ, పెద్ద పనులు మొదలుపెట్టే ముందు నష్టం అంచనా వేయడానికీ అది వీలు కల్పిస్తుంది. ఎవరు ఎన్ని చేపలు పట్టాలన్నది మాత్రం అది చెప్పదు. మన వైపు ట్యూనా లెక్కలు సీషెల్స్‌లో ఆఫీసు ఉన్న హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ చూస్తుంది. మా జెట్టీలో ఎక్కువ బోట్లు అంత దూరం వెళ్లవు. కాబట్టి దానివల్ల ఇప్పటికిప్పుడు మా కలాసీ వాటాలో రూపాయి తేడా రాదు. మా గొడవలన్నీ ఒడ్డు కనపడే దూరంలోనే.

ఆ దగ్గరి నీళ్లకు ఇద్దరు యజమానులు. 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే 22 కిలోమీటర్ల దాకా చేపల వేట రాష్ట్రం చేతిలో ఉంటుంది. అక్కడి నుంచి 200 మైళ్ల దాకా కేంద్రానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లోనే ఇలా పంచారు. చేపకు ఈ పంపకం తెలియదు, అది వేరే విషయం. మన రాష్ట్రానికి 1994లో చేసిన సముద్ర వేట నియంత్రణ చట్టం ఉంది. దాని కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు తెప్పలకు, నావలకు వదిలేయాలి. మర బోట్లు అది దాటాకే వల దింపాలి. చదవడానికి బాగుంటుంది. అయితే ఆ 8 కిలోమీటర్ల గీత ఎక్కడుందో నీళ్ల మీద ఎవరికి కనపడుతుంది?

మా నాన్నకు కనపడేది. డాల్ఫిన్ నోస్ కొండ ఏ వైపున ఎంత ఎత్తులో ఉంది, వెనక సింహాచలం కొండలు ఎలా కనిపిస్తున్నాయి, గుండు కట్టిన తాడు ఎన్ని బారలు దిగింది, వీటిని బట్టి ఎంత దూరంలో ఉన్నామో చెప్పేవాడు. మా బోటు డ్రైవరుకూ తెలుసు. తెలిసే ఒక రాత్రి లోపలికొచ్చాం. రొయ్య దగ్గర్లో ఉంది, డీజిల్ తక్కువ కాలుతుంది, చీకట్లో ఎవరు చూస్తారులే అనుకున్నాం. ఆ రాత్రి మా వల ఇంకెవరిదో వలను ఈడ్చుకుపోయింది. పొద్దున జెట్టీలో సరుకు దింపుతుంటే ఒక పెద్దాయన చినిగిన వల భుజాన వేసుకొచ్చి మా బోటు ముందు నిలబడ్డాడు. నైలాన్ పోగులు ఇంకా తడిగానే ఉన్నాయి, వాటి నుంచి నీళ్లు కారి ఆయన లుంగీ తడిసిపోతోంది. "ఏట్రా, కొండ కనబడలేదేట్రా మీకు?" అన్నాడు. ఇంకో మాట అనలేదు. అప్పు చేసి కొన్న వలట. నేను ఆయన మొహం చూడలేక ఐసు గంపలు సర్దుతున్నట్టు నటించాను.

తగువు స్టేషన్‌కు పోలేదు, ఏ ఆఫీసుకూ పోలేదు. రెండు పేటల కుల పెద్దలు గుడి అరుగు మీద కూర్చుని తేల్చారు. ఓనరు వల ఖరీదులో సగం ఇచ్చాడు, మా వాటాల్లోంచి కొంత కోసుకున్నాడు. సముద్ర పాలన అనే పెద్ద మాట వినపడినప్పుడల్లా నాకు ఆ అరుగే గుర్తొస్తుంది. చట్టం పుట్టకముందు నుంచీ ఈ పద్ధతి ఉంది. అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బలమైన పేటకు మాట చెల్లుతుంది, చిన్న పేటకు చెల్లదు. 2022 జనవరిలో రింగు వలల మీద విశాఖలో జాలరి పేటలే ఒకదానిమీద ఒకటి తిరగబడ్డాయి, బోట్లు తగలబడ్డాయి, 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. అరుగు మీద తేలని తగువులు కూడా ఉంటాయని ఆ రోజు అందరికీ అర్థమైంది. రింగు వల అంటే చేపల గుంపును చుట్టూ మూసేసి కింద నుంచి తాడు లాగేది. గుంపు గుంపంతా వచ్చేస్తుంది. పక్కన గాలం వేసుకునేవాడికి ఏమీ మిగలదు.

ఇక మీ రెండో ప్రశ్న. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. ఒకప్పుడు 45 రోజులే ఉండేది. ఇంజన్ లేని తెప్పలకు మినహాయింపు. పశ్చిమ తీరంలో జూన్, జులై నెలల్లో ఆపుతారు. నా అనుభవంలో మన సముద్ర నియమాల్లో బాగా అమలయ్యేది ఇదొక్కటే. దీనికి కారణం జాలర్ల మంచితనమూ కాదు, అధికారుల గట్టితనమూ కాదు. బోటు జెట్టీలో కట్టి ఉందా లేదా అన్నది చంటిపిల్లాడికి కూడా కనపడుతుంది, అంతే. సముద్రంలోకి వెళ్లి ఎవరూ వెతకనక్కర్లేదు. ఒక్క బోటు కదిలినా పక్క ఓనరే ఫోన్ చేసి చెప్పేస్తాడు, తన బోటు ఖాళీగా ఉంది కదా. దొరికితే జరిమానా కట్టాలి, సబ్సిడీ కూడా ఆగుతుంది. 2019 నుంచి ఈ రెండు నెలలకు కుటుంబానికి పదివేలు ఇచ్చేవారు, 2025లో ఇరవై వేలు చేశారు. రెండు నెలలకు అది చాలదు. మా నాన్న ఆ రోజుల్లో వలలు అల్లేవాడు, అమ్మ ఉప్పుచేప అమ్మేది.

మరి చేప పెరుగుతుందా? కొంత పెరుగుతుంది. వెచ్చటి సముద్రాల్లో చేపలన్నీ ఒకే నెలలో గుడ్లు పెట్టవు కాబట్టి ఏ 61 రోజులు ఎంచుకున్నా కొన్ని జాతులకే ఎక్కువ మేలు. అయినా రెండు నెలల పాటు అడుగు గోకే వలలు ఆగడం చిన్న విషయం కాదు. నాకు దిగులల్లా జూన్ 15 తర్వాతి వారం గురించే. అన్ని బోట్లూ ఒకేసారి బయలుదేరతాయి. ఒకేసారి తిరిగొస్తాయి. ధర పడిపోతుంది, పడిపోయిన ధరను పూడ్చుకోవడానికి ఇంకా ఎక్కువ పడతారు.

బోటు మీద వల విప్పినప్పుడు ఏం జరుగుతుందో చూడనివాళ్లకు ఇది అర్థం కాదు. వల చివర సంచి ముడి లాగగానే డెక్ మీద మోకాలెత్తు కుప్ప పడుతుంది. మేం చుట్టూ గొంతుకు కూర్చుని ఏరతాం. రొయ్య ఒక గంపలోకి, చందువ ఒక గంపలోకి, సావడాయి, గులివింద విడిగా. గంటసేపు ఏరాక మధ్యలో ఒక బూడిద రంగు ముద్ద మిగులుతుంది. అందులో నా చిటికెన వేలంత వంజరం పిల్లలు, బొట్టుబిళ్లంత చందువలు ఉండేవి. అదంతా పారతో ఎత్తి చేపల పొడి ఫ్యాక్టరీకి కిలోల లెక్కన ఇచ్చేవాళ్లం. ఏడాది ఆగితే ఒక్కో వంజరం కిలో దాటేది. వల కన్ను పెద్దదైతే ఆ పిల్లలు జారిపోయేవి. కన్ను సైజుకు నియమం ఉంది. కానీ దాన్ని కొలవాలంటే ఎవరో బోటెక్కి, తడి వల చేతిలోకి తీసుకుని, స్కేలు పెట్టాలి. నేను వేటకు వెళ్లిన మూడు సీజన్లలో మా వల కన్ను ఎవరూ కొలవలేదు.

తాబేళ్ల విషయం చూడండి. వలలో చిక్కితే మా నాన్న దాని డిప్పను ముట్టి కళ్లకద్దుకుని నీళ్లలోకి వదిలేవాడు. శ్రీకూర్మం దేవుడు కదా. కానీ వల మూడు గంటలు అడుగున ఈడ్చాక పైకొచ్చే తాబేలు చాలాసార్లు ఊపిరాడక చచ్చే ఉంటుంది. దానికోసమే వల లోపల ఇనుప చట్రం పెట్టి, తాబేలు బయటికి పోయేలా కంత వదిలే ఏర్పాటు ఉంది. ఆ కంతలోంచి రొయ్య కూడా పోతుందని మావాళ్లు దాన్ని కుట్టేస్తారు. ఈ చట్రం లేకుండా పట్టిన సముద్రపు రొయ్య కొనం అని అమెరికా ఎప్పుడో చట్టం చేసింది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి దాని మీద ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998లో తీర్పు మనవైపే వచ్చినట్టు వచ్చింది. అమెరికా అమలు చేసే పద్ధతి మార్చుకుంది గానీ షరతు మాత్రం వదల్లేదు. నాన్న మొక్కు కంటే ఆ షరతే ఎక్కువ తాబేళ్లను కాపాడగలదని ఇంట్లో అంటే ఆయనకు కోపం వస్తుంది.

ఇప్పుడు గీతలు కనపడే రోజులు వస్తున్నాయి. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు బోట్లకు ఉచితంగా బిగిస్తున్నారు. బోటు ఎక్కడుందో ఒడ్డున తెలుస్తుంది, సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిక వస్తుంది. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద పనిచేస్తున్న మన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్ వాళ్లకు పట్టుబడ్డారు, 20 మంది ఇల్లు చేరేసరికి 2020 జనవరి అయింది. అలాంటిది మళ్లీ జరగకుండా ఇది ఉపయోగపడితే అంతకంటే ఏం కావాలి. కానీ నా టేబుల్ దగ్గరికి వచ్చే ఓనర్ల టెన్షన్ వేరు. "మా చేప దొరికే చోటు అందరికీ తెలిసిపోదా?" అంటారు. ఇంకొందరు గొంతు తగ్గించి, లోపలికొస్తే కూడా తెలిసిపోతుందా అని అడుగుతారు. తెలుస్తుంది అంటే మౌనంగా సంతకం పెడతారు.

నిషేధం పనిచేసిందో లేదో మీరే చూడాలనుకుంటే జూన్ మూడో వారంలో తెల్లవారుజామున హార్బర్‌కు రండి. వేలం పాట దగ్గర పెద్ద వంజరాలు చూసి ఆగిపోకండి. వెనక్కి, ఐసు ఫ్యాక్టరీ వైపు నడిస్తే ట్రాలీల్లోకి పారతో ఎత్తుతున్న కుప్పలు కనపడతాయి. అందులోంచి ఒక చేప తీసి మీ చిటికెన వేలు పక్కన పెట్టి చూడండి.