చదరంగం గడుల లెక్క రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపింది చదివాను. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, తర్వాత గడిలో రెండు, ఆ తర్వాత నాలుగు అంటూ 64 గడులూ నింపితే వచ్చే 18446744073709551615 మీద రాశావు. ఎంపిక బాగుంది. కానీ ‘అద్భుతం’ అన్న మాట పదకొండు సార్లు వాడావు, లెక్కపెట్టాను. ఇరవై అంకెలు, 128 భాజకాలు (శేషం లేకుండా భాగించే సంఖ్యలు), 3తో పోతుంది, 5తో పోతుంది అని కిరాణా చీటీలా రాసుకుంటూ పోతే ఎవరు చదువుతారు చెప్పు?

చివర 5 ఎందుకొచ్చిందో చెప్పు చాలు. రెట్టింపు చేసుకుంటూ పోతే చివరి అంకెలు 2, 4, 8, 6 అని గుండ్రంగా తిరుగుతుంటాయి, 64 నాలుగుతో నిశ్శేషంగా పోతుంది కాబట్టి 64వ రెట్టింపు 6 దగ్గరే ఆగుతుంది, అందులోంచి ఒకటి తీసేస్తే 5. ఇది చదివినవాడు పెన్సిల్ తీస్తాడు. నీకు కావలసింది అదే.

ఈ సంఖ్య అంకెల్ని మాటల్లో చెప్పే పద్యాన్ని, గణితాన్ని తెలుగు పద్యాల్లో రాసిన పాతకాలపు కవి పావులూరి మల్లనదని చెప్పేదాన్ని, మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశావు, నాకు కోపమొచ్చింది. ‘శర శశి షట్క చంద్ర’ అని మొదలవుతుంది కదా, శరాలు 5, శశి 1, షట్కం 6, చంద్రుడు 1, అంటే ఒకట్ల స్థానం నుంచి ఎడమకి చెప్పుకుంటూ పోయి చివర కుంజరాలు 8, తుహినాంశుడు 1 దగ్గర ఆగుతాడు. ఇరవై అంకెలూ పద్యం ఛందస్సులో ఒదిగిపోయాయి! దాని ఉపయోగమేంటో నాకు సిగ్గుపడ్డాకే తెలిసింది. ఒకసారి ఇదే సంఖ్య రాస్తూ మధ్యలో 73ని 37 చేశాను, అంకెలు కూడి చూసుకుంటే 87 వచ్చింది, సరిపోయిందని పంపించేశాను. తారుమారైతే మొత్తం మారదని అప్పుడు తట్టలేదు. పద్యం నోటికొచ్చిన ఒక పెద్దాయన ‘నగం తర్వాత అగ్ని రావాలి కదండీ’ అని ఉత్తరం రాశారు, అంటే కుడి నుంచి 7 తర్వాత 3 రావాలని.

ఇక భాజకాలు. 128 అని ఊరికే చెప్పకు. ఇది 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం, ఒక్కోదాన్నీ తీసుకోవచ్చు, వదిలేయొచ్చు, అందుకే రెండును ఏడు సార్లు గుణిస్తే ఆ 128. వీటిలో కథ ఉన్నది 641కే. 2 ఘాతం 32కి (32 రెండ్ల లబ్ధానికి) ఒకటి కలిపితే వచ్చేది ప్రధాన సంఖ్యే అని గణితవేత్త ఫెర్మా నమ్మాడు, 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త అది 641తో పోతుందని చూపించాడు. నువ్వు ఆయిలర్ పేరు రాసి ముందుకెళ్లిపోయావు.

641ని ఒకసారి 640+1గా, ఇంకోసారి 625+16గా రాసి కాగితం మీద కుస్తీ పట్టు. రెండూ కలిసే చోటు దొరికాక, ఆ ఒక్క పేరానే కొత్తగా రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

నీ అన్నయ్య