బ్యారన్‌లో వేలాడిన శవం: యువ రచయితకు లేఖ

ఒంగోలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. కొండపి దగ్గర, పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో కౌలు రైతు ఉరికి వేలాడుతూ కనిపించడం, అప్పుల బాధేనని ఊరంతా అనుకోవడం నన్ను కట్టిపడేశాయి గానీ, ఎస్సై ఒక్క చూపుతో అది హత్యేనని తేల్చివేయడం మాత్రం నమ్మలేకపోయాను.

మన వైపు కౌలు రైతు ఉరి వేసుకున్నాడంటే కారణం అడిగేవారుండరు. నీ హంతకుడు ఆ సంగతి ఎరిగినవాడు. కొత్త కథ అల్లడు, ఊరు నమ్మడానికి సిద్ధంగా ఉన్న కథనే తెచ్చి దూలానికి కడతాడు. ముందు అతను ఊహించిన ఆత్మహత్యను అతని బుర్రతోనే పూర్తిగా రాయి. ఆ తరువాత అతనికి తెలియనిదేమిటో వెతుకు.

అతనికి శవం సంగతి తెలియదు. ప్రాణం పోయాక రక్తం తన బరువుకు కిందికి దిగి చర్మంపై ఊదారంగు మచ్చలుగా తేలుతుంది; సుమారు 6 నుంచి 12 గంటల్లో ఆ మచ్చలు స్థిరపడిపోతాయి. వేలాడిన మనిషికి అవి కాళ్లలో, ముంజేతుల్లో ఉండాలి. నీ రైతును తాడు బిగించి చంపి, రాత్రంతా వెల్లకిలా పడవేసి, తెల్లవారాక వేలాడదీశారు కనుక మచ్చలు వీపున ఉంటాయి, నేలకు ఆనిన భుజాల దగ్గర మాత్రం చర్మం తెల్లగా మిగులుతుంది. ఉరి గుర్తు సాధారణంగా గడ్డం కింది నుంచి ఏటవాలుగా పైకి పోయి ముడి దగ్గర తెగిపోతుంది. బిగించి చంపిన గుర్తు కాస్త కిందుగా, మెడ చుట్టూ అడ్డంగా పడుతుంది. ఒకే మెడపై ఈ రెండూ కనిపించే పుటను నిదానంగా రాయి. ఆకు ఆరబెట్టడం (క్యూరింగ్) ముగిసినా వేడి తగ్గని బ్యారన్‌లో శవం మామూలుగా చల్లబడదు కనుక, ఒంటి వేడిని బట్టి డాక్టరు మరణ సమయం చెప్పిన పేరా తీసివేయి.

అయితే చెదిరిన ప్రతి దృశ్యమూ నాటకం కాదు. విలేకరిగా ఉన్న రోజుల్లో ఒక శవ పంచనామా దగ్గర నిలబడ్డాను. తాడు కోసి ఉంది, ముఖం కడిగి ఉంది, గది ఊడ్చి ఉంది. సాక్ష్యాలు మాయం చేశారన్న అనుమానం ధ్వనించేలా వార్త రాశాను. నిజానికి ప్రాణం ఉందేమోనన్న ఆశతో తల్లే తాడు కోసింది. కొడుకు ముఖాన్ని ఆ స్థితిలో నలుగురూ చూడకూడదని కడిగింది. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేకపోయాను. అందుకే చెబుతున్నాను, ఎవరు దేనిని ముట్టుకున్నారో ఒక్కొక్కరినీ అడగని ఎస్సైని నీ కథలో ఉంచవద్దు.

కథాకాలం 2024 జూలై 1కి ముందుదైతే పంచనామా దగ్గర పాత నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ) 174వ సెక్షన్ అని రాయి. ఆ తరువాతదైతే దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 194.

రైతు భార్య చేతిలో ఇంకా కొడవలి ఉండగా, ఎస్సై బ్యారన్ తలుపు దగ్గరే ఆగి "తాడు కోసింది నువ్వేనా అమ్మా?" అని అడిగే చోట కథను మొదలుపెట్టి, మళ్లీ పంపు.