ఫ్రెంచి పేర్ల అర్థాలు వెతుకుతున్న మేనకోడలికి

అమ్మాయీ,

డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు, నీతో పనిచేసేవాళ్ళ ఇంటిపేర్లు రాసుకుని అర్థాలు వెతుకుతున్నానన్నావు. చాలా సంతోషం. ఒక్క మాట: డిక్షనరీ కంటే ముందు మ్యాపు తెరువు. డెట్రాయిట్ పేరునే చూడు: దాని మూలమైన ఫ్రెంచి మాట దెత్రువా అంటే రెండు నీళ్ళను కలిపే ఇరుకు పాయ. 1701లో కాడిలాక్ అనే ఫ్రెంచి అధికారి కోట కట్టించింది సెయింట్ క్లెయిర్, ఈరీ సరస్సులను కలిపే ఆ పాయ ఒడ్డునే. ఇలా పేరూ నేలా కలిస్తే ధైర్యంగా రాసుకో.

డిక్షనరీని నమ్ముకుంటే అయోవా రాష్ట్రంలోని డెమోయిన్ ఊరి పేరు దగ్గర బోల్తా పడతావు. అది 'సన్యాసులది' అని చెబుతుంది. కానీ మొయింగోనా అనే స్థానిక తెగ పేరును ఫ్రెంచివాళ్ళు కుదించి రాసుకుంటే అదే మిగిలిందని ఎక్కువమంది పండితుల మాట. నోటివాడుక ఇంకా గమ్మత్తు. కొలరాడోలో పుర్గత్వార్ అనే నది ఉంది. ఆ మాట నోరు తిరగక అక్కడి పశువుల కాపరులు దాన్ని పికెట్‌వైర్ చేసేశారు! అందుకే ఏ పేరైనా పాత మ్యాపుల్లో ఎలా రాశారో చూడకుండా తేల్చకు.

ఇంటిపేర్లలో మొదటి అక్షరాలు పట్టుకో. 'దు' ఉంటే చాలాసార్లు చోటు: దుబ్వా అడవి దగ్గరివాళ్ళు, దుపోఁ వంతెన దగ్గరివాళ్ళు. 'ల' ఉంటే రంగో రూపమో వృత్తో: లబ్లాఁ తెల్లనివాడు, లఫెవ్ర్ కమ్మరి. ఈ కమ్మరి పేరు మధ్యలో పలకని 'బి' ఒకటి కనిపిస్తుంది. లాటిన్ మూలం గుర్తుండాలని పాతకాలపు రాయసగాళ్ళు ఇరికించిందది.

అసలు చిక్కు కెనడా ఫ్రెంచి కుటుంబాల్లో ఉంది. అక్కడ ఒకే ఇంటికి రెండు పేర్లుండేవి, మధ్యలో 'ది' అని చేర్చేవారు. అంటే 'అనబడే' అని. రాయ్ ది దెజార్దాఁ అనే ఇంట్లో కొందరు వారసులు రాయ్‌లుగా, కొందరు దెజార్దాఁలుగా మిగిలారు. రాయ్ అంటే రాజు కాబట్టి, అమెరికా వచ్చాక కొందరు కింగ్ అని మార్చుకున్నారు. మీ ఆఫీసులో కింగ్ గారి తాతలు కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ వాళ్ళే అన్నావుగా, ఆయన్ని ఇంగ్లీషువాళ్ళ లెక్కలో వేసెయ్యకు. వాళ్ళ ముత్తాత పెళ్ళి ఏ ఊరి చర్చిలో జరిగిందో మర్యాదగా అడుగు. క్యుబెక్ కాథలిక్ చర్చిల పెళ్ళి రిజిస్టర్లలో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు కూడా రాసేవారు, ఆడవాళ్ళకు పుట్టింటి పేరే ఉండేది. ఆ పేజీ దొరికిందంటే ఫోటో తీసి నాకు పంపించు, కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
మీ మావయ్య