పంట డబ్బు ఎటు పోతోంది?

నాన్నా,

ఉద్యోగం మానేసి పొలం చూసుకుంటానని రాశావు. చాలా సంతోషమేసింది. విత్తనాలు, ఎరువుల గురించి చెప్పేవాళ్లు నీకు బోలెడుమంది దొరుకుతారు. నేను చెప్పేది ఒక్కటే: పంట అమ్మిన డబ్బు ఎటు పోతోందో కనిపెట్టుకుని ఉండు.

1940లలో వాల్టర్ గోల్డ్‌ష్మిట్ అనే పరిశోధకుడు కాలిఫోర్నియాలో రెండు ఊళ్లను పోల్చి చూశాడు. రెండుచోట్లా పంట విలువ దాదాపు ఒకటే. డినూబాలో ఎక్కువగా చిన్న కుటుంబాల పొలాలు, ఆర్విన్‌లో పెద్ద పెద్ద కమతాలు, వాటిలో కూలీలు. డినూబాలో దుకాణాలు దాదాపు రెట్టింపు ఉన్నాయి. బడులు, పార్కులు, సంఘాలూ అక్కడే ఎక్కువ. నేల ఇచ్చింది అంతే అయినా, సొమ్ము ఒక ఊళ్లో నాలుగు చేతులు మారింది, రెండో ఊళ్లో ఆ తిరుగుడే తక్కువ.

నాకిది చదివి తెలిసింది కాదు. ఒకసారి నాలుగు డబ్బులు కలిసొస్తాయని పట్నం నుంచి మోటారు తెచ్చాను. పైరు పొట్టమీద ఉండగా బేరింగు పట్టేసింది. అమ్మినవాళ్లు వారం ఆగమన్నారు. మన ఊరి మెకానిక్ చీకటిపడ్డాక వచ్చాడు. నేను టార్చిలైటు పట్టుకుంటే, ఒక్కో బోల్టూ విప్పి గుడ్డమీద వరసగా పేర్చుకుంటూ పని చేశాడు. తెల్లారేసరికి మడిలోకి నీళ్లొచ్చాయి. మనలాంటివాళ్లు పని ఇస్తుంటేనే అతని షెడ్డు నిలబడుతుంది. కాస్త ఎక్కువైనా ఊళ్లో దొరికేది ఊళ్లోనే కొను.

కూలి డబ్బులు సాయంత్రానికల్లా చేతిలో పెట్టు. పక్క రైతులతో కలిసి కొనడం, కలిసి అమ్మడం మొదలుపెట్టు, ఒంటరిగా బేరమాడితే నష్టపోతావు. ఒక్క పంట మీదే ఆశ పెట్టుకోకు.

ఇంకోటి, ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇంట్లో ఆడవాళ్ల కష్టానికి కూడా లెక్కలో కూలి కట్టు. అది రాయకపోతే లేని లాభాన్ని చూసి మురిసిపోతాం. మీ పెద్దమ్మ విషయంలో ఎన్నో ఏళ్లు ఆ తప్పు చేశాను.

చిన్న పొలమని చిన్నబుచ్చుకోకు. ప్రపంచంలో నూటికి తొంభైకి పైగా పొలాలు కుటుంబాలు నడిపేవే. ఐక్యరాజ్యసమితి 2019 నుంచి 2028 వరకు కుటుంబ వ్యవసాయ దశాబ్దంగా ప్రకటించింది కూడా.

ఈ వారమే ఒక నోటుబుక్కు తెచ్చుకో. ఒక పేజీలో ఊళ్లో ఖర్చుపెట్టింది, ఎదురు పేజీలో బయటికి పోయింది రాయి. పంట చేతికొచ్చాక అది పట్టుకుని రా, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న