సగం మాత్ర మనవడికి వేయొచ్చా?

ప్రశ్న: మావారికి 58 ఏళ్లు. షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడతారు. పోయిన నెల పెళ్లి భోజనం చేసి వచ్చాక నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. మందుల షాపులో ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్రలు ఇచ్చారు. గ్యాస్ పట్టిందని మధ్యలో యాంటాసిడ్ సిరప్ కూడా తాగారు. షుగర్ ఉంది కదా అని ఓఆర్ఎస్ ఇవ్వలేదు. విరేచనాలు తగ్గాయి గానీ ఆ రాత్రి ఒళ్లంతా చెమటలు, చేతులు వణకడం. చాలా టెన్షన్ పడ్డాం. మిగిలిన మాత్రలు దాచాను. ఏడేళ్ల మనవడికి విరేచనాలైతే సగం వేయొచ్చా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేయకండమ్మా. పావు ముక్క కూడా వద్దు. ఆఫ్లాక్సాసిన్ ఎదిగే పిల్లల కీళ్లకు, కండరాలను ఎముకలకు కలిపే టెండన్లకు హాని చేసే అవకాశం ఉన్న వర్గం మందు. పిల్లలకు తప్పనిసరైతే తప్ప డాక్టర్లు రాయరు. బాబుకు విరేచనాలైతే ఓఆర్ఎస్, మామూలు తిండి ఇవ్వండి, జింక్ కావాలో లేదో డాక్టరును అడగండి. రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇవ్వాలన్నది ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు. వాళ్లకు విరేచనాలు రెండో రోజే ఆగినా జింక్ పూర్తిగా వేయాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తల్లులు మధ్యలోనే ఆపేస్తారు.

ఇక మీవారి సంగతి. ఆ చెమటలు, వణుకు షుగర్ పడిపోయిన లక్షణాలు. గ్లిమిపిరైడ్ వేసుకునేవారిలో ఆఫ్లాక్సాసిన్ వర్గం మందులు షుగర్‌ను ఇంకా కిందికి లాగగలవు. దానికితోడు ఆ పూట ఆయన సరిగా తిని కూడా ఉండరు. షాపులో ‘ఇంకేం మందులు వాడుతున్నారు’ అని ఒక్క మాట అడగాల్సింది. మళ్లీ ఇలా అయితే గ్లూకోమీటరుతో చూడండి, 70 కంటే తక్కువుంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి.

యాంటాసిడ్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం ఆఫ్లాక్సాసిన్‌ను పేగులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. ఐరన్, జింక్ మాత్రలతోనూ ఇంతే. కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఆర్నిడజోల్ వర్గం మందులు వాడేటప్పుడు, ఆపాక మూడు రోజుల వరకూ మద్యం ముట్టకూడదు. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఈ మాత్ర అసలు వేసుకోకూడదు.

అసలు ఆయనకు ఆ మాత్రే అవసరం లేదేమో. ఆఫ్లాక్సాసిన్ బాక్టీరియా మీద, ఆర్నిడజోల్ అమీబా, జియార్డియా అనే పేగు పరాన్నజీవుల మీద పనిచేస్తాయి. కారణం ఏదైనా ఒకటి తగులుతుందని రెండూ కలిపి ఇస్తున్నారు. విందు తిన్నాక వచ్చే నీళ్ల విరేచనాలు చాలావరకు వైరస్ వల్లో, పాడైన ఆహారంలోని విషం వల్లో వస్తాయి. వాటి మీద ఈ రెండూ పనిచేయవు. రెండు మూడు రోజుల్లో అవే తగ్గిపోతాయి, పేరు మాత్రకు వస్తుంది. రక్తం, జిగట పడుతూ జ్వరం ఉంటే యాంటీబయాటిక్ కావాల్సి రావచ్చు. అయితే ఆ జబ్బు తెచ్చే షిగెల్లా క్రిమి మన దేశంలో ఆఫ్లాక్సాసిన్ వర్గానికి చాలావరకు లొంగడం లేదు. ఏ మందన్నది డాక్టరే తేల్చాలి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ కూడా అప్పుడు వాడకూడదు.

ఓఆర్ఎస్ ఇవ్వకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ కాస్త గ్లూకోజు ఉంటేనే పేగు ఉప్పును, దాంతోపాటు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. షుగర్ ఉన్నా తాగాల్సిందే, మధ్యమధ్యలో షుగర్ చూసుకుంటే చాలు. ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, 24 గంటలు దాటితే పారబోయండి. కూల్ డ్రింకులు, తియ్యటి పండ్లరసాల డబ్బాలు దానికి బదులు కావు.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని బీపీ మాత్రలు కిడ్నీలకు ఇబ్బంది తెస్తాయి, కిడ్నీలు మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. విరేచనాలు పట్టుకున్న రోజునే డాక్టరుకు ఫోన్ చేసి, ఏది వేసుకోవాలో, ఏది ఆపాలో అడగండి. మూత్రం బాగా తగ్గినా, మగతగా ఉన్నా, వాంతులతో నీళ్లు నిలవకపోయినా ఇంట్లో ఆగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ నెలలో ఒకసారి ఆయనకు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. దాచిన మాత్రలు మాత్రం బాబు చేతికి అందకముందే తీసేయండి.