నాటాల్‌లో మారిన ఇంటిపేరు

ప్రశ్న: మా ముత్తాతగారి తమ్ముడు విశాఖ జిల్లా నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్లారని ఇంట్లో చెప్పుకునేవారు. డర్బన్‌లో ఆయన సంతతిగా చెప్పుకుంటున్న కుటుంబం ఇంటిపేరు ‘నాయుడు’, మాది వేరు. వారు మావారేనని తేల్చుకోవడం ఎలా?
— ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: అమ్మా, ఇంటిపేరు కలవనంత మాత్రాన చుట్టరికం లేదనుకోకండి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలు నాటాల్ వెళ్లగా, ఓడల జాబితాల్లో ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, చివరికి ఒంటి మీది మచ్చలు కూడా రాసుకున్నారు; మన ఇంటిపేరుకు మాత్రం అందులో గడి లేదు. అందుకే తరువాతి తరాల్లో తండ్రి పేరో, ‘నాయుడు’ వంటి కులబిరుదో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది.

కాబట్టి ముందుగా ఆ సంఖ్యను పట్టుకోండి. డర్బన్ బంధువుల ఇళ్లలోని పాత జనన, వివాహ పత్రాల మీద అది ఉండవచ్చు. దొరికితే జాబితాలో ఆయన వరుస దొరికినట్లే. దొరకకపోతే పేరుతో వెతకండి గాని, గుమాస్తాలు చెవికి తోచినట్లు రాసినందువల్ల ‘అప్పలస్వామి’ అనేక రూపాల్లో కనిపిస్తాడు. నా దృష్టిలో పేరు కన్నా ఊరు, తండ్రి పేరు గట్టి ఆధారాలు. మీ ఇంట్లో తద్దినాలకు తలుచుకునే పేర్లతో ఆ తండ్రి పేరును పోల్చి చూడండి.