మన ఒంట్లోని పరమాణువులు నక్షత్రాల్లో పుట్టాయంటారు, నిజమేనా?

చాలావరకు నిజమే, హైడ్రోజన్ తప్ప. దాని కేంద్రకాలు సుమారు 1,380 కోట్ల ఏళ్ల కిందట, మహావిస్ఫోటం తొలి క్షణాల్లోనే ఏర్పడ్డాయి. అంటే మనం తాగే నీళ్లలోని హైడ్రోజన్‌ది దాదాపు విశ్వం వయసే!

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది కార్బన్. నక్షత్రం నడిబొడ్డున మూడు హీలియం కేంద్రకాలు కలిస్తే ఒక కార్బన్ కేంద్రకం తయారవుతుంది. చిక్కేమిటంటే, ముందు రెండు కలిసి ఏర్పడే బెరీలియం సెకనులో కోటి కోట్లవ వంతు కూడా నిలవదు. మూడోది ఆలోపే వచ్చి తగలాలి. మరి ఇంత కార్బన్ ఎలా పోగైంది? కార్బన్ కేంద్రకానికి సరిగ్గా ఈ కలయికకు సరిపడే శక్తిస్థాయి (కేంద్రకం ఉండగలిగే ఒక నిర్ణీత శక్తి) ఒకటి ఉండి తీరాలని, అప్పుడే ఈ కలయిక తేలికవుతుందని 1953లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పట్టుబట్టాడు. ప్రయోగం చేసి చూస్తే అది నిజంగానే ఉంది, 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర. అది లేకుంటే విశ్వంలో కార్బన్ చాలా తక్కువగా ఉండేది. ప్రోటీన్లు, డీఎన్ఏ అన్నీ కార్బన్ గొలుసులే కదా, మనలాంటి ప్రాణులు పుట్టడం కష్టమే.

రక్తంలోని ఇనుము పేలిపోయిన నక్షత్రాలు వెదజల్లినది. అలాంటి ధూళి, వాయువులు కలిసిన మేఘం నుంచే సుమారు 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడు, ఆ వెనకే భూమి ఏర్పడ్డాయి.